సింహానికి స్వదేశమేది?

"అది సింహనాట్యం కాదండీ, సర్కసు! అసలుది ఎన్నడో అంతరించింది" అని ఒక సాహితీమిత్రులు ఈమధ్య తీర్పు చెప్పేశారు. వారు చూసినది గెంటింగ్ పోటీల దృశ్యాలు. మలేసియాలో గెంటింగ్ అనే కొండమీద 1994లో ప్రారంభమై, రెండేళ్ళకొకమారు జరుగుతూ వచ్చిన ప్రపంచస్థాయి సింహనాట్య పోటీలవి. నేలమీద ఇనుపస్తంభాల వరుస. వాటిలో కొన్ని రెండు మూడు మీటర్ల ఎత్తు. ఒక్కొక్కదాని కొసన చిన్న పళ్ళెమంత చోటు. సింహపు తలలో ఒకడు, తోకలో ఒకడు. ఇద్దరూ ఏకశరీరమై స్తంభంనుండి స్తంభానికి లంఘిస్తారు. ప్రాచీనం అనగానే చేతులు జోడించే పండితవర్గానికి చెందినవాడనే అయినా, మిత్రుల తీర్పును నేను అంగీకరించలేను. ఈ మాట చీనావారి కళ విషయంలోనే కాదు, మన కళల విషయంలోనూ తరచు వినబడుతున్నది గనుక కొంచెం గట్టిగానే చెబుతాను.

"అసలుది" అంటే ఏది? చీనాదేశంలో సింహాలు లేవు. హాన్ చక్రవర్తుల కాలంలో పశ్చిమరాజ్యాలనుండి పట్టుమార్గం వెంట కానుకలుగా వచ్చాయి. ఆ వెనుక బౌద్ధం వచ్చింది. శాక్యసింహుడు, సింహనాదం, సింహవాహనుడైన మంజుశ్రీ, ఇవన్నీ మన దేశంనుండి వెళ్ళిన సరుకే. సజీవసింహాన్ని ఎన్నడూ చూడని శిల్పులు విన్నదానిని బట్టి చెక్కారు. అందుకే చీనాసింహంలో కొంత కుక్క, కొంత నాగం కనబడతాయి. నవ్వకండి. 'హింస'లోని వర్ణాలు తారుమారై 'సింహ' అయిందని నిరుక్తం చెప్పుకొని, నెల్లూరును సింహపురి అని పిలుచుకొని, చూడని మృగరాజును పద్యానికొకటిగా వర్ణించుకున్నవాళ్ళం మనం. ఊహలో పుట్టిన సింహానికే ఆయుష్షు ఎక్కువ.

6వ శతాబ్దంలో యాంగ్ శువాన్‌జి లోయాంగ్ నగరపు బౌద్ధారామాలను గురించి గ్రంథం రచించాడు. అందులో బుద్ధవిగ్రహపు ఊరేగింపునకు ముందు సింహవేషం నడిచినట్లున్నది. థాంగ్ వంశపు ఆస్థానంలో ఐదు దిక్కులకు ఐదు రంగుల సింహాలు ఆడుతుండగా 140 మంది గాయకులు పాడేవారట. అదే యుగపు మహాకవి బై జ్యూయి సింహాన్నాడించే పరదేశీయులనుగూర్చి ఒక కావ్యం వ్రాశాడు. స్వస్థలానికి దారి మూసుకుపోయిందన్న వార్త విని వారు విలపిస్తారందులో. చూస్తున్న సేనానులకు మాత్రం అది వినోదం. అనగా ఈ కళ చీనా సాహిత్యంలో స్పష్టంగా కనబడేనాటికే పరాయిది, ఇల్లు వదిలి వచ్చినది. దీనికి ఇప్పుడు శుద్ధజాతి పరీక్ష పెట్టేవారిని ఏమనాలి?

నేడు లోకమంతటా ఎక్కువగా కనబడేది దక్షిణసింహం. గ్వాంగ్‌డాంగ్ ప్రాంతానిది, ఫోషాన్, హెషాన్ అని రెండు ప్రసిద్ధమైన బాణీలు. ఉత్తరసింహం ఒళ్ళంతా జూలుతో, నిజమైన జంతువువలె గంతులు వేస్తుంది, దాని సంగతి ఇక్కడ అవసరం లేదు. దక్షిణసింహపు తల వెదురుబద్దలతోనూ కాగితంతోనూ కట్టినది. నెత్తిన ఒక కొమ్ము, నుదుట ఒక అద్దం. దుష్టశక్తి అందులో తన ముఖమే చూసుకొని పారిపోతుందట! కొత్త సింహానికి ఎర్రని రంగుతో కన్నులు దిద్దనిదే ఆట లేదు. మన దేవతామూర్తులకు చేసే నయనోన్మీలనం గుర్తుకు రాలేదా? రంగులలో 'మూడు రాజ్యాల' కథావీరులున్నారు: పసుపుది లియు బెయ్, ఎర్రనిది గువాన్ యు, నల్లనిది జాంగ్ ఫెయ్. నల్లసింహం వీథిలోకి వచ్చిందంటే కయ్యానికి కాలుదువ్వినట్లే లెక్క. ఈ ఆటలను పోషించినవి మల్లవిద్యాశాలలు కాబట్టి నిజంగానే తలలు పగిలిన సందర్భాలున్నాయి.

ఇక అసలు ఘట్టం. అంగడి గుమ్మానికి ఆకుకూర వేలాడదీస్తారు, తరచు దానితో పాటు డబ్బుంచిన ఎర్రని కవరు. ఆ ఆకుకూర పేరు పలికితే 'ధనం పుట్టుట' అనే మాట వినబడుతుంది. మనకు శ్లేష కావ్యంలో ఉంటే వారికి వాకిట్లో వేలాడుతుంది. సింహం చూస్తుంది, అనుమానిస్తుంది, వెనుకకు తగ్గుతుంది, కాలితో గీకుతుంది, మూతి పెట్టి ఉలిక్కిపడుతుంది. చివరకు నమిలి ఆకులను జనంమీదకు విసురుతుంది. సంతోషం, కోపం, శోకం, ఉల్లాసం, చలనం, నిశ్చలత, ఉలికిపాటు, సందేహం అని ఎనిమిది అవస్థలు చెబుతారు ఆ కళాకారులు. శంక, త్రాసం, హర్షం అంటూ వ్యభిచారిభావాలు వల్లెవేసినవారికి ఇంతకంటె వ్యాఖ్య అక్కరలేదు.

ఇంతటి కళను కాపాడినదెవరో చూడండి. 1966నుండి పదేళ్ళు సాగిన సాంస్కృతిక విప్లవంలో పాత ఆచారాలన్నింటితో పాటు దీనినీ మాతృదేశమే అణచింది. ఇండోనేసియాలో 1967నాటి అధ్యక్షాజ్ఞ చీనీయుల ఉత్సవాలను బహిరంగంగా జరుపరాదన్నది. 2000లో అబ్దుర్రహమాన్ వాహిద్ దానిని రద్దుచేసిన తరువాతనే సింహం మళ్ళీ వీథులలో స్వేచ్ఛగా తిరిగింది. మలేసియాలో 1979లో గజాలీ షఫీ అనే మంత్రి ఈ నాట్యం జాతీయసంస్కృతికి చెందదనీ, సింహానికి బదులు పులిని ఆడించరాదా అనీ సెలవిచ్చారు. దసరాకు పులివేషాలు చూసి పెరిగిన మనకు పులిమీద కోపమేమీ లేదు. కాని ఒకరి దేవుడి గుడిలో మరొకరి విగ్రహం పెట్టుకోమనడం సలహా కాదు, శాసనం. ఆ మలేసియావారే 2007లో స్తంభాలమీది సింహనాట్యాన్ని జాతీయవారసత్వంగా గుర్తించారు. చీనా ప్రభుత్వం అంతకు ముందటేడే, 2006లో, తన వారసత్వపు జాబితాలో సింహనాట్యాన్ని చేర్చుకొన్నది. అణచిన చేతులే హారతి పట్టాయి. నడుమ కష్టకాలంలో దానిని మోసినది వలస వెళ్ళిన కూలీల, వర్తకుల బిడ్డలు. స్తంభాల ఆటను పోటీకళగా పెంచి పెద్దచేసినదీ మలేసియా చీనీయులే. వారి పద్ధతి తిరిగి చీనాకు వెళ్ళింది. ఇందులో మూలమేది, నకలేది?

పోనీ, స్తంభాలు పూర్తిగా కొత్తవా? నాటిన గుంజలమీద నిలిచి కాళ్ళకు స్థైర్యం నేర్చుకోవడం అక్కడి మల్లవిద్యలో ఉన్నదే. ఎత్తున కట్టిన ఆకుకూరను అందుకోవడానికి మనుషుల భుజాలమీద మనుషులు నిలిచి సింహాన్ని పైకెత్తడమూ పాత ఆచారమే. ఎత్తు ఆ కళలో మొదటినుండీ ఉంది. దానికి ఇనుము తొడిగారు, అంతే. సంప్రదాయం పేరిట మారరాదంటే మరొకటీ ఉంచుకోవలసి వస్తుంది: స్త్రీ సింహపుతలను తాకరాదన్న నిషేధం చాలా బృందాలలో ఉండేది. నేడు యువతుల బృందాలు స్తంభాలెక్కుతున్నాయి. సంప్రదాయవాదులు ఈ రెండవ మార్పును గురించి ఎందుకో నోరెత్తరు.

నా ఆక్షేపణ వేరొకచోట ఉంది. పోటీలలో న్యాయనిర్ణేతలు దశాంశాలలో మార్కులు వేస్తారు. లంఘనాన్ని కొలవడం సులభం. సందేహాన్ని కొలవడం కష్టం. ఎంత దూరం దూకారు, ఎన్నిమార్లు తిరిగారు, కాలు జారిందా లేదా, ఇవి పట్టికలో పడతాయి. అంచున నిలిచి క్రిందికి చూసి, కాలు చాచి, మళ్ళీ ముడుచుకొనే ఆ రెండు క్షణాలు పట్టికలో పడవు. పిల్లల పరీక్షపత్రాలు దిద్దినవారెవరికైనా తెలుసు, మార్కులు లేని ప్రశ్నను ఎవరూ చదవరు. మార్చవలసినది ఆ పట్టికను. పీకవలసినవి స్తంభాలు కావు. ఇటీవల యంత్రశునకాలకు సింహపుతల తొడిగి ఆడిస్తున్నారు కూడా. అవి జారవు, భయపడవు. భయంలేని సింహం ఆకుకూర ముందు ఎందుకు ఆగుతుంది?

చూసేవారికి ఒక మనవి. స్తంభాలవంక కాక ఒకమారు డోలు వాయించేవానివంక చూడండి. అతని చూపు డోలుమీద ఉండదు, సింహంమీదనే ఉంటుంది. ఈ నాట్యంలో సింహం తాళాన్ని అనుసరించదు. డోలూ జేగంటా తాళాలూ సింహాన్ని అనుసరిస్తాయి. అది నిదానిస్తే దరువు మందగిస్తుంది, ఉలిక్కిపడితే తెగుతుంది. స్తంభంమీద సింహం ఆగినపుడు అతడూ కర్రలు పైకెత్తి పట్టుకొని, అది దూకేదాకా ఎదురుచూస్తాడు.