ట్యూబులో నీరు, మెదడులో మూఢనమ్మకం

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు వెళితే తెలుగు వినబడుతుంది. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. కానీ ఊరు మారినంత మాత్రాన మనవాళ్ళ ఆలోచన మారుతుందా? పిల్లలు పుట్టకపోతే ముందు కోడలిని అంటారు. తర్వాత మొక్కు, ఆ తర్వాత నాటు మందు. పరీక్ష అన్నిటికన్నా చివర. మగవాడికైతే అదీ లేదు!

ఫాలోపియన్ ట్యూబు చివర మూసుకుపోయి నీరు నిండితే హైడ్రోసాల్పింక్స్ అంటారు. ఇది శాపం కాదు. చాలావరకు పాత ఇన్ఫెక్షన్ మిగిల్చిన మచ్చ. మన దేశంలో జననాంగాల క్షయ ఒక ముఖ్య కారణం. క్షయ మందులు క్రిమిని చంపుతాయి గానీ, బాగా పాడైన ట్యూబును మళ్ళీ మామూలు చెయ్యలేవు. అలాంటిది పసర్లు, ఆముదం పట్టీలు తెరుస్తాయా? స్త్రీల వంధ్యత్వం నయం చేస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా గోడల మీద పోస్టర్లు ఆగలేదు.

మరి వైద్యం ఏమిటి? ట్యూబు కొద్దిగా చెడితే లాపరోస్కోపీతో తెరవవచ్చు. అయితే అది మళ్ళీ మూసుకోవచ్చు, ట్యూబులోనే గర్భం నిలిచే ప్రమాదమూ ఉంది. బాగా చెడితే ఐవీఎఫ్. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ నీరు గర్భాశయంలోకి కారుతుంటే ఐవీఎఫ్ విజయావకాశం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ముందు ఆ ట్యూబును తీసేస్తారు, లేదా గర్భాశయం దగ్గర బిగించి మూసేస్తారు. సూదితో నీరు లాగితే తరచుగా మళ్ళీ చేరుతుంది.

పిల్లల కోసం ట్యూబు తీసెయ్యడమేమిటని ఇంట్లో పెద్దలు గొడవ చేస్తారు. ఇంగితజ్ఞానానికి అది విడ్డూరంగానే ఉంటుంది. కానీ 1999లో వెలువడిన స్కాండినేవియా దేశాల పరీక్ష దీన్ని తేల్చి చూసింది. స్కానింగులో కనబడేంత పెద్ద ట్యూబులున్న వారికి, తీసేశాక ఐవీఎఫ్ చేస్తే ఫలితం స్పష్టంగా మెరుగైంది.

హేతువాదం స్వాముల దగ్గరే ఆగకూడదు. ట్యూబులో నీరు కనబడుతున్నా దాని ఊసెత్తకుండా లక్షలు కట్టించుకునే క్లినిక్కునూ నిలదీయాలి. రెండు ట్యూబులూ తీస్తే ఇక ఐవీఎఫ్ ఒక్కటే దారి అన్న సంగతి ఆపరేషనుకు ముందే ఆమెకు చెప్పాలి. ఒప్పుకోవలసింది ఆమె, అత్తగారు కాదు.

మొక్కు తీర్చడానికి ఏడాది ఆగుదామంటారు. దేవుడు ఆగుతాడేమో, అండాశయం వయసు ఆగదు.