సృష్టి పాఠము: తేనెపిట్ట



పోయిన వేసవిలో ఈస్టరు పండుగకని ఇల్లు దులుపుతూ, చెన్నూరులోని మా వసారాలో బట్టల తీగకు వ్రేలాడుతున్న చెత్తను బూజు కర్రతో లాగివేశాము. క్రింద పడిన తరువాత చూస్తే అందులో రెండు చిన్న గుడ్లు! పగిలిపోయాయి. తల్లిపిట్ట సాయంత్రం వరకు ఆ తీగ చుట్టూ తిరుగుతూనే ఉన్నది. తెలియక చేసినదే అయినా మా మనస్సు ఎంతో నొచ్చుకొన్నది. మీ ఇంట అలా జరుగకూడదని ఈ నెల ఆ పిట్టను గూర్చి వ్రాస్తున్నాము.

పుస్తకాలలో బొమ్మ చూసిన పిల్లలు దీనిని హమ్మింగ్ బర్డ్ అంటారు. కాదు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాలలోనే ఉంటాయి. అవి గాలిలో నిలిచి తేనె త్రాగుతాయి, వెనుకకు కూడ ఎగురగలవు. మన తేనెపిట్ట సాధారణంగా కొమ్మమీద వాలి త్రాగుతుంది.

ఇది పిచ్చుకకంటె చిన్నది. సుమారు 10 సెంటీమీటర్లు. ముక్కు సన్నగా, క్రిందికి వంగి ఉంటుంది. గూడు కట్టే కాలంలో మగది నీడలో నల్లగా కనబడి, ఎండ తగిలితే నీలము, ఊదా కలిసి మెరుస్తుంది. ఆడదానికి వీపు మాసిన ఆకుపచ్చ, పొట్ట పసుపు. ఆ కాలము గడిచాక మగది కూడ ఆడదానివలె మారుతుంది. గొంతునుండి పొట్టవరకు నల్లని చార మాత్రము మిగులుతుంది. మోదుగలు పూచినప్పుడు, పెరటి మందారాల వద్ద చూడండి.

గూడు కట్టేది ఆడదే. గడ్డిపోచలు, ఎండుటాకులు, బెరడు ముక్కలను సాలెగూటి దారాలతో కూర్చి సంచివలె వ్రేలాడదీస్తుంది. ప్రక్కన ద్వారము, దానిపై చిన్న చూరు ఉంటాయి. చూసేవారికి అది చెత్త. పిట్టకు అదే కాపుదల. సుమారు 15 రోజులు పొదుగుతుంది. పిల్లలకు పురుగులను, సాలీళ్లను తెచ్చి పెడతాయి. మరి రెండు వారాలకు పిల్లలు ఎగిరిపోతాయి. మనము ఒక నెల ఓర్చుకొంటే చాలును.

యొర్దాను లోయలో కూడ ఒక జాతి తేనెపిట్ట ఉన్నది. పక్షి గూడు కనబడినప్పుడు తల్లిని విడిచిపెట్టవలెనని దేవుడు ధర్మశాస్త్రములోనే ఆజ్ఞాపించాడు. అంత చిన్న గూటిని ఆయన మరువలేదు. ద్వితీయోపదేశకాండము 22:6, 7 ఈ వారము కుటుంబ ప్రార్థనలో పిల్లలచేత చదివించండి. బూజు కర్ర ఎత్తేముందు, వ్రేలాడే ఆ చెత్తకు ప్రక్కన ద్వారమున్నదేమో ఒక్క నిమిషము చూడండి.