గృహారోగ్యము: నడుము కొలత

స్థూలకాయమనగా ఒడలెల్ల బరువెక్కుటయని పలువురి తలంపు. మన దేశస్త్రీలలో పెక్కుమందికి కాలుసేతులు సన్నముగానే యుండి, క్రొవ్వు ఉదరముననే చేరును. మధుమేహమునకును గుండెజబ్బునకును దారితీయునది ఆ క్రొవ్వే. భారతీయ స్త్రీకి నడుము 80 సెంటీమీటర్లకు మించరాదని వైద్యులు నిర్ణయించిరి. కుట్టుపని టేపుతో నేడే కొలుచుకొనుడు.

ఉపవాసముతో తగ్గింతుమందురేమో. ఏకాదశినాడు అన్నము మాని నూనెలో వేచిన ఫలహారము భుజించుట ఉపవాసమా? అంతకంటె పెద్దచిక్కు వేరొకటి కలదు. కడపట భుజించు ఇల్లాలు గిన్నెలలో మిగిలినదెల్ల పారవేయలేక తానే తినును. ఆ పొదుపు ఒడలికి చేటు. ఎసటిలో పోయునప్పుడే బియ్యము గుప్పెడు తగ్గింపుడు. మన బొబ్బిలివైపు చోడి అంబలి మంచిదే. కాని అది అన్నమునకు బదులు కావలెను, తోడు కారాదు.

వ్యాయామమనగా మన వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారివలె గొలుసులు త్రెంపనక్కరలేదు. (ఆ మహాబలుడు శాకాహారియే సుమా!) వారమునకు కనీసము 150 నిమిషములు వడిగా నడువుడని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇంటిపని చాలదా? రోలును తిరుగలియు మూలబడి, మీట నొక్కు యంత్రములు వచ్చినవి గదా! అత్తగారేమందురో యను సంకోచమున్నచో ఆమెనే తోడ్కొనిపొండు. ఆమె మోకాళ్లకును మేలే.