రాయి చేసే చూపు

మూడు నెలల క్రితం ఒక ఆదివారం సాయంత్రం మా భోజనాల బల్ల దగ్గర ఒక హత్య జరిగింది. చంపినవాడు మా అబ్బాయి. చచ్చిపోయింది మా మేనకోడలు కల్పించుకున్న విలుకత్తె. మేనకోడలికి పధ్నాలుగేళ్ళు. ఏడవలేదు గాని, పెన్సిలు డబ్బాలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, వాళ్ళ అత్తయ్య పక్కన కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది. ఆ పిల్ల అడక్కుండా పని అందుకుందంటే వ్యవహారం ముదిరిందన్నమాటే.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి సృష్టి. 1974 లో అచ్చయింది. బల్ల చుట్టూ కూచుని ఆడేదే గాని, ఒకళ్ళనొకళ్ళు ఓడించుకోవడం ఉండదు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్ళు తలొక పాత్రా పట్టుకుని, ‘నేను తలుపు తీస్తాను’, ‘నేను బాణం వేస్తాను’ అంటూ అందులో దూరతారు. అది ఫలించిందీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మృగాలూ, రాక్షసులూ కథ నడిపేవాడి చేతిలో ఉంటారు. మా ఇంట్లో ఆ పదవి మా అబ్బాయిది.

ఆవేళ గుహ తలుపు తీశారు. లోపల బాసిలిస్కు. ఎనిమిది కాళ్ళ బల్లి. దాని చూపు పడితే మనిషి రాయి అయిపోతాడు. మావాడు పాచిక వెయ్యమన్నాడు. పన్నెండు రావాలి. అమ్మాయికి ఏడు పడింది. పాత్ర దేహదారుఢ్యం కింద రెండు కలిపితే తొమ్మిది. “రాయి అయిపోయావు” అన్నాడు. ఆరు నెలలుగా ఆ విలుకత్తె పుట్టిన ఊరూ, పగలూ, బాకీలూ నోటుబుక్కు నిండా రాసుకుంది పాపం!

“రూలు రూలే నాన్నగారూ” అన్నాడు మావాడు.

రూలంటే నాకూ గౌరవమే. ఇరవై ఏళ్ళుగా ఛందస్సు చెప్పుకు బతుకుతున్నవాణ్ణి. ఆ రాత్రి వాడి పుస్తకం తీశాను. 2014 నాటి అయిదో కూర్పు. తీరా చూస్తే రూలు అది కానేకాదు. మొదటి పాచిక తప్పితే ఒళ్ళు బిగుసుకోవడం మొదలవుతుంది, అంతే. తన తరవాతి వంతు చివర ఇంకో పాచిక వెయ్యాలి. అదీ తప్పితేనే రాయి. ఆట చురుగ్గా సాగుతుందని మావాడు రెండోదాన్ని ఎగరగొట్టేశాడు. తొలి కూర్పుల్లో విషానికయినా ఒక్క పాచికే ఉండేదట. ఆ మోటుతనమే వీరత్వమని వాడి నమ్మకం.

కాగితం మీద లెక్క వేశాను. ఒక్క పాచికతో తేల్చేస్తే అమ్మాయి పాత్ర రాయి కావడానికి నూటికి 45 పాళ్ళు. రెండు వేయిస్తే నూటికి 20. అటువంటివాళ్ళు నలుగురు ఒక్కసారి ఆ కళ్ళ బడితే, మావాడి పద్ధతిలో నలుగురూ మనుషులుగానే బయటపడడం పదింట ఒకసారి కూడా లేదు. ఇంతకీ అసలు విశేషం లెక్క కాదు. ఆ రెండు పాచికల నడుమ పక్కవాళ్ళు ఏదో ఒకటి చెయ్యడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇంకా ఉంది. కళ్ళు తిప్పుకుని పోరాడవచ్చు. గురి కుదరదు, అది వేరే సంగతి. మంచి వెలుతురులో తన ప్రతిబింబం కనిపిస్తే ఆ మృగం అది వేరే బాసిలిస్కు అనుకుని దానిమీద చూపు విసిరి, తన చూపుకి తానే గురవుతుంది. ఇది చదివి లేచి కూచున్నాను. అచ్చంగా భస్మాసురుడు! (భాగవతంలో వాడు వృకాసురుడు, విష్ణువు వచ్చింది బ్రహ్మచారి వేషంలో. క్లాసులో ఈ మాట చెబితే మోహిని లేదా అని కుర్రాళ్ళ మొహాలు వాడిపోతాయి.) ఆ వరం ఎంత ఘోరమైందో వినేవాడికి ముందే తెలుసు, తప్పించుకునే సందూ అందులోనే ఉంది. భస్మాసురుడు తలుపు చాటునించి వచ్చి ఎవరి నెత్తినో చెయ్యి పెట్టి పోయివుంటే ఆ కథ మనదాకా వచ్చేదా?

ఇంత గ్రహించినవాణ్ణి, తెల్లారి మావాడికిచ్చిన సలహా మాత్రం వేరు. “అట్ట చాటున వేస్తావు గదా పాచిక! ఈసారి పిల్ల ప్రాణం మీదికొస్తే ఒక అంకె అటూ ఇటూ చెప్పెయ్యరాదూ?”

మరుసటి ఆదివారం అమ్మాయి కొత్త పాత్రతో వచ్చింది. రాయైన విలుకత్తెకి చెల్లెలట; అక్కని వెతుక్కుంటూ బయల్దేరింది. దారిలో నీడలు ఎదురయ్యాయి. పుస్తకంలో నీడ స్థాయి అర. అది చూసి తేలికనుకున్నాడు మావాడు. కాని తగిలినప్పుడల్లా అవి మనిషి బలంలోంచి ఒకటి మొదలు నాలుగు దాకా లాగేసుకుంటాయి, వాలికి ఎదురుపడ్డట్టే. బలం సున్నా అయితే చావే. పదహారు బలమున్న వస్తాదు దులుపుకుని పోతాడు. చెల్లెలి బలం ఎనిమిది. మొదటి దెబ్బకి మూడు పోయింది, రెండోదానికి నాలుగు. ఎవరి ఎదట నిలబెడుతున్నామో పుస్తకంలో అంకెకేం తెలుసు? మూడో పాచిక అట్ట వెనక పడింది. మావాడు చూశాడు, గుటక వేశాడు. “తగల్లేదు” అన్నాడు.

“ఏదీ, చూపించు బావా!”

వాడు నా వంక చూశాడు. దొరికిపోయాం.

“నువ్వు చెప్పావా మామయ్యా? అయితే మా అక్కని కూడా నువ్వే వెతికిపెట్టు” అంది.

ఒకప్పుడు నేను జాలిపడి మార్కులు కలిపిన కుర్రాడొకడు, ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. కృతఘ్నుడనుకున్నాను ఇన్నాళ్ళూ.

రెండు వారాలు అమ్మాయి రాలేదు. ఫోను చేస్తే పరీక్షలంది. మావాడు ఆ అట్ట తీసి అలమార మీద పారేశాడు. ఇకనించి ప్రతి పాచికా అందరి ఎదటా వేస్తానని కబురు పెట్టాడు. అప్పుడొచ్చింది.

ఈలోగా తండ్రీ కొడుకులం కూచుని కథ తిరగరాశాం. గుహకి ముందు తోట. తోటలో ఎండిన కోనేరు. దాని గట్టున మెడ వంచి లోపలికి చూస్తున్న ఎనిమిది కాళ్ళ రాతి బల్లి. పక్కనే ఏళ్ళ తరబడి నిశ్చింతగా గొర్రెలు కాసుకుంటున్న గుడ్డి ముసలాడు. బాసిలిస్కు గొంతు సంచిలోని ద్రవంతో తైలం కాస్తే రాయి మళ్ళీ మనిషవుతుందని, ఒక మృగానికి ఒకళ్ళకి సరిపడా వస్తుందని వాడి నోట చెప్పించాం. తైలం మాట పుస్తకంలోదే, కొలత మావాడిది.

రాతి బల్లిని చూడగానే పక్కవాటా కుర్రాడు “అద్దం!” అని అరిచాడు. “ఉండు” అంది మేనకోడలు. “అదే రాయైపోతే తైలం ఎక్కణ్ణించి వస్తుంది?”

పావుగంట వాదులాడుకున్నారు. మావాడు నోరు మెదపలేదు గాని మొహం వెలిగిపోతోంది. ఈ చిక్కు మేం పెట్టింది కాదు. మాకసలు తట్టనే లేదు.

అద్దం సంచిలో పెట్టి, కళ్ళు తిప్పుకుని లోపలికి వెళ్ళారు. మనిషి తక్కువైతే నేనూ అర్చకుడి పాత్రతో చేరాను. రెండు బాణాలు వృథా అయ్యాయి. “ఇక చూసే వేస్తాను” అంది పిల్ల. మొదటి పాచిక తప్పింది, మోకాళ్ళు బిగిశాయి. ఆ బిగువులోనే వేసిన బాణం తగిలింది. పక్కవాటా కుర్రాడి ఈటెతో మృగం పడింది. నేను ఆశీర్వచనం చేశాను. దానికి నాలుగు ముఖాల పాచిక ఒకటి అదనంగా వస్తుంది. రెండో పాచిక ఎనిమిది. రెండు కలిపితే పది. నా పాచికలో రెండొస్తే చాలు.

ఒకటి పడింది.

ఈసారి మావాడు నా వంక చూడలేదు. “రాయి” అన్నాడు మెల్లిగా.

సీసాలో ఒకళ్ళకి సరిపడా తైలం. ఎవరికి పొయ్యాలో తెలియక అందరం పిల్ల వంక చూశాం. ఆ పిల్ల అప్పుడే నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంటోంది.

“అక్కకి పొయ్యండి. నన్ను బండెక్కించండి. మామయ్యా, గడ్డి దండిగా వెయ్యి, ముక్కు విరిగితే మనిషినయ్యాక కూడా అలాగే ఉంటుందట” అంది, తల ఎత్తకుండానే.