తలకు తగిన శిరస్త్రాణము

మన హోసూరు ప్రాంతము మోటారు సైకిళ్ళను తయారు చేయు ప్రాంతమని పేరు గన్నది. చుట్టుప్రక్కల పల్లెలనుండి తెలుగు బడికి వచ్చు పిల్లలలో పలువురు తండ్రి వెనుకనో, అన్న వెనుకనో ఆ బండ్లపైననే కూర్చుండి వచ్చుచున్నారు. వారిలో హెల్మెట్టు ధరించి వచ్చువారును కలరు. అది మాకు సంతోషకరము. ఐనను, ఉదయమున బడి వాకిట నిలుచు ఉపాధ్యాయులమగు మాకు ఒక కొరత కనబడుచున్నది. హెల్మెట్టు ఉన్నది, కాని అది ఆ తలది కాదు. తండ్రిది కుమారుని తలపై, అన్నది చెల్లెలి తలపై ఊగులాడుచున్నది. తలకు సరిపోని హెల్మెట్టు జరిమానాను తప్పింపవచ్చును గాని, తలను కాపాడజాలదని మా దృఢాభిప్రాయము.

మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము, నాలుగేండ్లు పైబడిన ప్రతివారును, బండి నడుపువారైనను వెనుక కూర్చుండువారైనను, శిరస్త్రాణము ధరింపవలెను. 2022లో మన దేశమున హెల్మెట్టు లేక ప్రయాణించి రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖవారి లెక్క. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. “నడుపువాడను నేను గదా, బిడ్డకు ఏల?” అను తండ్రులు ఈ రెండవ సంఖ్యను మరల ఒకమారు చదువవలెనని కోరుచున్నాము.

హెల్మెట్టు ఎట్లు కాపాడునో తెలిసినచో, కొలత ఏల ముఖ్యమో బోధపడును. పైనున్న గట్టి చిప్ప దెబ్బను ఒకచోట నిలువనీయక నలుదెసలకు పంచును. దాని లోపల థర్మోకోలు వంటి మందమైన పొర కలదు. ఆ పొర తాను నలిగి, మెదడునకు చేరు అదురును తగ్గించును. తల ఆ లోపలి భాగమును చక్కగా అంటియున్నప్పుడే ఈ పని సరిగా జరుగును. వదులుగా ఉన్నచో, తల నేలను తాకులోపలనే హెల్మెట్టు ప్రక్కకు తిరుగవచ్చును, లేక ఊడి దొర్లిపోవచ్చును. గడ్డము క్రింది పట్టీ బిగింపనిదియు అట్టిదే.

కావున కొనుటకు ముందు ఇంటనే తల కొలువవలెను. దర్జీలు వాడు టేపును కనుబొమలకు ఒక అంగుళము ఎత్తున ఉంచి, చెవులకు పైగా, తల వెనుక మిక్కిలి ఉబ్బెత్తుగా ఉన్న భాగము మీదుగా చుట్టి చూడుడు. 56 సెంటీమీటర్లు వచ్చినచో 560 అనియు, 58 వచ్చినచో 580 అనియు మిల్లీమీటర్ల గుర్తు గల హెల్మెట్టును అడుగుడు. ఐనను అంకెను మాత్రమే నమ్మరాదు. చుట్టుకొలత ఒకటే అయినను ఒక తల గుండ్రముగను, వేరొక తల కోలగను ఉండవచ్చును. కావున బిడ్డను దుకాణమునకు వెంటబెట్టుకొని పోక తప్పదు.

అచట నాలుగు పరీక్షలు చేయవలెను. మొదటిది, పెట్టుకొన్నంతనే అది బుగ్గలను కొంచెము ఒత్తవలెను. లోపలి మెత్తలు వాడుకలో అణగును గాన, కొత్తది కాస్త బిగువుగా ఉండుటయే మేలు. రెండవది, చేతులతో పట్టి ప్రక్కలకు త్రిప్పినపుడు నుదుటి చర్మము, బుగ్గలు దానితోపాటు కదలవలెను. మూడవది, పట్టీ బిగించి, వెనుక అంచును పట్టుకొని ముందునకు ఎత్తినపుడు ఊడిరాకూడదు. నాలుగవది, పది పదిహేను నిమిషములు తీయక ఉంచినపుడు నుదుట ఒకేచోట నొప్పి కలిగినచో, అది ఆ తలకు తగదు. బాలికలు రోజు బడికి వచ్చునట్లు జడలు వేసికొనియే ధరించి చూడవలెను. నడినెత్తిన వేసిన ముడి హెల్మెట్టును పైకి లేపును. దుకాణదారునితో తమిళమున మాటాడినను, కన్నడమున మాటాడినను, చేయవలసిన పరీక్షలు మాత్రము ఇవియే.

“ఎదిగే బిడ్డ గదా, ఒక సైజు పెద్దది కొందము” అను మాట తరచు వినబడుచున్నది. యూనిఫారము విషయమున ఆ పొదుపు తగినదే. పొడుగు చొక్కా చేతులను మడువవచ్చును, హెల్మెట్టును మడువజాలము. లోపల తువ్వాలు కుక్కుటయు పరిష్కారము కాదు. అదియును గాక, తల శరీరమువలె త్వరగా ఎదుగదు. పదేండ్లు నిండిన బిడ్డ తల చుట్టుకొలత పెద్దవాడగునప్పటికి పెరుగునది కొద్ది సెంటీమీటర్లే. తల్లిదండ్రులు భయపడునంత ఖర్చు ఇందు లేదు.

2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ద్విచక్ర వాహనముల హెల్మెట్లను అమ్మరాదని నియమము కలదు. బాటప్రక్కన చౌకగా దొరకునదానిని కొనునపుడు ఈ గుర్తును వెదకుడు. ఒకసారి ప్రమాదమున దెబ్బతిన్న హెల్మెట్టును, పైకి పగులు కనబడకున్నను, మరల వాడరాదు. లోపలి పొర ఒకసారి నలిగినచో మరల పూర్వస్థితికి రాదు. దెబ్బ తగులనిదైనచో తమ్మునికి ఈయవచ్చును గాని, అతని తల కొలిచిన పిమ్మటనే.

విద్యార్థులారా, మీ తల కొలతను మీరే కొలిచి నోటు పుస్తకమున వ్రాసికొనుడు. ఏటేట బడి తెరచునపుడు మరల కొలువుడు. తల్లిదండ్రులారా, చెప్పులు కొనునపుడు బిడ్డ కాలికి తొడిగి చూచి, నడిపించి చూచి కొనుచున్నారు గదా! తల విషయమున అంతకన్న తక్కువ శ్రద్ధ వహింపకుడని మా మనవి.