సమాజమందిరపు తాళపుచెవి

హైదరాబాదు పాతనగరమున ఛత్రినాక, లాల్ దర్వాజా ప్రాంతములలో ఆషాఢమాసము సమీపించుచున్నదనగానే ఒక చిన్న వ్యవహారము జరుగును. బోనాల యుత్సవమునకు ముందు బస్తీ ఆలయసంఘములు సమావేశమై నూతన కార్యవర్గముల నెన్నుకొనును. పాత పెద్దలు లెక్కలు అప్పగింతురు. కొత్తవారు బాధ్యత స్వీకరింతురు. ఉత్సవమును చూడవచ్చిన వేలాది జనులలో ఈ సంగతిని తలచువారు కొద్దిమందియే. కాని యేటేట ఘటముల యూరేగింపు తప్పక సాగుటకు మూలము ఈ అప్పగింతయే. పెద్ద సమూహములకు ఇది కష్టము కాదు. ఒకరు తప్పుకొన్నచో పదిమంది ముందుకు వత్తురు. నలుబది కుటుంబములు మాత్రమే గల సమూహమున ఒక పెద్ద తప్పుకొన్నచో ఏమగును? తెలుగునాట అట్టి ప్రశ్న నెదుర్కొనవలసిన సమూహమొకటి కలదు.

గుంటూరు జిల్లాలోని చేబ్రోలు పేరు వినగానే సాహిత్యాభిమానులకు నృత్తరత్నావళీకర్తయగు జాయపసేనాని, యాత్రికులకు చతుర్ముఖ బ్రహ్మదేవుని ఆలయము స్మరణకు వచ్చును. ఆ చేబ్రోలు చెంతనే కొత్తరెడ్డిపాలెమను పల్లె యున్నది. అచ్చట 1990 దశకారంభమున యూదుల సమాజమందిరమొకటి వెలసినది. ఇంగ్లీషువారు సినగాగు అనుదానినే తెలుగు బైబిలు ఈ చక్కని పేరుతో వ్యవహరించినది. దానిని నెలకొల్పినవారు ష్మూయెల్ యాకోబి, సాదోక్ యాకోబి అను సోదరులు. దాని చుట్టు చేరినవారు సుమారు 40 మాదిగ కుటుంబములవారు. వీరు తమ్ము 'బెనె ఎఫ్రాయిము' అనగా ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొందురు. శుక్రవారపు సూర్యాస్తమయముతో విశ్రాంతిదినము నారంభించుట, పస్కా మొదలగు పండుగలను జరుపుట, పిల్లలకు హీబ్రూ అక్షరములను దిద్దించుట వీరు చేపట్టిన ఆచారములు.

యూదులు తెలుగుదేశమునకు బొత్తిగా కొత్తవారు కారు. అబ్దుల్లా కుతుబ్‌షా పాలించు కాలమున, 1647లో, 'దబిస్తాను' అను పారసీక గ్రంథమును వ్రాసిన రచయిత ఈ హైదరాబాదులోనే సర్మద్ అను ఫకీరును కలిసికొనెను. సర్మద్ యూదకుటుంబమున జన్మించి, తోరాను అభ్యసించి, పిదప ఇస్లామును స్వీకరించి, తుదకు ఏ మతపు హద్దులకును లోబడక తిరిగినవాడు. ఆయన శిష్యుడగు అభయచంద్ చేసిన తోరాభాగపు పారసీకానువాదము ఆ గ్రంథమున చేరినది. 1661లో ఢిల్లీలో ఔరంగజేబు పాలనలో సర్మదునకు మరణదండన జరిగెను. ఆ మహనీయుని వెంట ఈ నగరమున సమాజమేదియు ఏర్పడలేదు. జ్ఞాని యొకడు వచ్చి పోవుట వేరు. సమాజము నిలుచుట వేరు. కొత్తరెడ్డిపాలెపు కథలో ముఖ్యమైనది ఈ రెండవ సంగతియే.

ఈ కథకు పూర్వరంగము పందొమ్మిదవ శతాబ్దిలో నున్నది. అమెరికను బాప్టిస్టు మిషనరీ క్లౌ నాయకత్వమున ఒంగోలు ప్రాంతపు మాదిగలు వేలకొలదిగ క్రైస్తవులైరి. 1878 జులైలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ యుద్యమము వలన బడి, పుస్తకము, పేరు వారి వాడలకు వచ్చెను. అయినను ఊరు ఊరుగను, వాడ వాడగను మిగిలెను. యాకోబి సోదరులు ఇట్టి క్రైస్తవ కుటుంబమున జన్మించినవారే. ష్మూయెల్ తొలుత క్రైస్తవ బోధకుడు. 1980 దశకమున యెరూషలేమునకు పోయి వచ్చినవాడు. తమ పూర్వులు యూదులేయని వంశమున ఒక మాట వచ్చుచుండెనని సోదరులు చెప్పిరి. క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దిలో అస్సూరీయులు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యమును కూల్చినప్పుడు చెదరిపోయిన గోత్రములలో ఎఫ్రాయిము గోత్రమొకటి. ఆ గోత్రపువారే నానాదేశములు తిరిగి తెలుగునేలకు చేరిరని వారి వాదము. మృతులను ఖననము చేయుట వంటి ఆచారములను, తెలుగు హీబ్రూ పదముల పోలికలను వారు సాక్ష్యముగ చూపిరి.

ఇచ్చట భాషాశాస్త్రము చెప్పు మాటను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. శబ్దముల పోలిక వంశమునకు ఋజువు కాజాలదు. హీబ్రూ బైబిలులో సొలొమోను కాలమున ఓడలు తెచ్చిన వస్తువులలో 'తుక్కి' అను పదము కనిపించును. ఇది నెమలియనియు, మన 'తోక'కు జ్ఞాతియగు తమిళపదము 'తోకై'నుండి పుట్టినదనియు పండితులు పలువురు భావింతురు. దీనివలన తేలునది ప్రాచీన సముద్రవ్యాపారము. ఓడ యెక్కినది నెమలియో, నెమలి పేరో కావచ్చును. దానివెంట గోత్రమొకటి వచ్చెనని చెప్ప వీలులేదు. ఎఫ్రాయిము గోత్రము కృష్ణాతీరమునకు వచ్చినదనుటకు శాసనము గాని, ప్రాచీన గ్రంథము గాని సాక్ష్యమీయదు.

అంతమాత్రమున వారి మతజీవితము బూటకమనుట అన్యాయము. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు ఈ సమూహమును గూర్చి 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. కులము, మతము అను రెండు చట్రముల నడుమ తమ స్థానమును తామే నిర్ణయించుకొను ప్రయత్నముగ వారు దీనిని పరిశీలించిరి. 1956లో నాగపురమున అంబేద్కరు లక్షలాది జనులతో బౌద్ధము స్వీకరించినప్పుడును మూలమున నున్నది ఆత్మగౌరవ ప్రశ్నయే. అయితే నాగపురమున నడచినది జనసముద్రము; కొత్తరెడ్డిపాలెమున నడచినది గుప్పెడు జనము.

ఈ నడకకు చెల్లింపవలసిన మూల్యము తక్కువ కాదు. 1950నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, అటుపిమ్మట 1956, 1990 సంవత్సరముల సవరణలు ప్రకారము హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకు మాత్రమే షెడ్యూల్డు కులముల హోదా చెల్లును. యూదుడనని కాగితముపై వ్రాయించుకొన్నవాడు ఆ రక్షణకు వెలుపల పడును. కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఆఱు అల్పసంఖ్యాక మతములలోను యూదమతము లేదు. మహారాష్ట్ర 2016లోను, గుజరాతు 2018లోను యూదులకు ఆ గుర్తింపు నిచ్చినవి. పరీక్షరుసుము కట్టవలసిన విద్యార్థికి ఇవి తత్త్వచర్చలు కావు. శనివారపు కూలి వదలుకొనవలసిన వ్యవసాయకూలికి విశ్రాంతిదినము సైతము సులభము కాదు. యజమాని నాట్లకు పిలిచిన దినమున రానన్నచో మఱుసటి దినము పిలుపు రాకపోవచ్చును.

ఇట్టి సమూహమునకు నాయకుడెట్టివాడు కావలెను? తొలితరమున యాకోబి సోదరులు గురువులు, చరిత్రకారులు, విదేశ సందర్శకులకు ద్విభాషులు తామే యైరి. అమెరికాలోని 'కులాను' వంటి సంస్థలతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి పుస్తకములు, బోధకులు పల్లెకు వచ్చునట్లు చేసిరి. స్థాపకుల శ్రమ నెవరును కాదనలేరు. అయితే విద్యయు, పరిచయములును ఒక్క కుటుంబముననే నిలిచినచో ఆ కుటుంబపు బలమే సమాజపు బలము, దాని బలహీనతయే సమాజపు బలహీనత యగును. నాడు ఒడిలో నున్న శిశువులు నేడు ముప్పదియేండ్లవారు. వారికి ఈ మతము ఎన్నుకొన్నది కాదు, పుట్టుకతో వచ్చినది. వారి చేతికి తాళపుచెవి ఎట్లు చేరునన్నదే నేటి ప్రశ్న.

వలసపై ఆశ పెట్టుకొన్న సమూహముల యనుభవము రెండు విధములుగ నున్నది. మణిపురము, మిజోరాములలోని 'బ్నె మెనషె' వారిని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో నొకరు ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించిరి. వేలమంది అచ్చటికి తరలిపోయిరి. మిగిలిన సుమారు 5,800 మందిని 2030 నాటికి తీసికొనిపోవుటకు ఆ ప్రభుత్వము 2025 నవంబరులో తీర్మానించినది. ఎఫ్రాయిము వారికి అట్టి గుర్తింపు లభింపలేదు. ఇక కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరము ఈనాటికిని చూడముచ్చటగ నున్నది. 1948 తరువాత దాని జనము క్రమముగ ఓడ లెక్కెను. 2024లో క్వీనీ హల్లెగువా మరణముతో అచ్చటి పరదేశి యూదస్త్రీలలో చివరియామె కూడ పోయినట్లయ్యెను. మందిరమున దీపములున్నవి, ప్రార్థనకు జనము లేరు. దేశమంతటను 1951లో 26 వేలకు పైగా నున్న యూదులు 2011 నాటికి ఐదువేలకు లోపైరి.

ఈ చిక్కునకు విరుగుడు యూదసంప్రదాయముననే కలదు. సామూహిక ప్రార్థనకు వారికి కావలసినది పదిమంది వయోజనులు. పురోహితుడు లేకున్నను, చదువనేర్చిన యెవరైనను ప్రార్థన నడపవచ్చును. 'రబ్బీ' యను మాటకు నా గురువు అని యర్థము. అనగా ఆ పీఠము వంశముపై కన్న విద్యపై నిలిచినది. ఢిల్లీలో 1956లో నెలకొన్న జూదా హయాం మందిరము ఇందుకు నిదర్శనము. అచ్చట దశాబ్దముల తరబడి ప్రార్థనలు నడిపినవారు ఎజెకీల్ మాలేకర్ అను న్యాయవాది. దీక్ష పొందిన రబ్బీ కారు. చిన్న సమాజమున పదిమంది దొరకుట కష్టమగుటచే ఆయన స్త్రీలను సైతము లెక్కలో చేర్చిరి. సంఖ్య తక్కువయైనచోట తలుపు వెడల్పు చేయవలెనని ఆయన గ్రహించిరి.

కొత్తరెడ్డిపాలెమునకును మార్గమిదియే. హీబ్రూ చదువగల పదిమంది యువతీయువకులు తయారైనచో నాయకుడెవరన్న వివాదము సగము తీరును. లెక్కలు నలుగురి యెదుట చెప్పబడి, శనివారపు పాఠము వంతులవారీగ నడచినచో మిగిలిన సగమును తీరును. విదేశమునుండి వచ్చు గుర్తింపు వచ్చిన రానిండు; అంతవరకు మందిరము మూతపడరాదు. దానికి కావలసినది పల్లెలోనే దొరకు విద్య.

ఉపాధ్యాయులకు ఇందు పరిచితమైన సత్యమే యున్నది. పాఠశాలను కట్టించిన దాత పేరు గోడపై నిలుచును. దానిని నడుపునది మాత్రము ప్రతియేట అక్షరాభ్యాసము చేయు కొత్త పిల్లలే. తమ పూర్వులు ఎఫ్రాయిము వంశీయులో కాదో ఆ పల్లె పిల్లలు ఋజువు చేయలేకపోవచ్చును. రానున్న శుక్రవారపు సాయంకాలమున తలుపు తీసి దీపము వెలిగించువారు తమలోనే కలరని ఋజువు చేయుట వారి చేతిలోనే యున్నది.