పాఠశాలలలో ఆరోగ్యవిద్య

ఉన్నత పాఠశాల చదువు ముగించి వెడలు బాలబాలికలు తమ శరీరమును గూర్చి యేమి నేర్చుకొని వెడలుచున్నారో విచారింపవలసియున్నది. పాఠ్యపుస్తకములలో లోపమున్నదని మేము చెప్పము. జీర్ణము, శ్వాస, రక్తప్రసరణము, విసర్జనము, నాడీమండలము, సంతానోత్పత్తి, అన్నియు అందు వరుసగా నున్నవి. హృదయమునకు గదులు నాలుగని విద్యార్థి వ్రాయును; మూత్రపిండము పటమును చక్కగా గీయును; మార్కులు సంపాదించును. కాని ఆ విద్యార్థియే, తండ్రి చేయి కొడవలికి తెగి రక్తము కారుచున్నప్పుడు, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి చేతిని పైకెత్తి యుంచవలెనని యెరుగక, కాఫీపొడి కొరకు వంటయింటికి పరుగెత్తుచున్నాడు. చదువొకచోట, బ్రదుకొకచోట నిలిచిపోయినవి. ఈ రెంటిని కలుపుటయే ఆరోగ్యవిద్య ప్రయోజనము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములకు ఈ విషయము మరింత ముఖ్యమైనది. వేరుసెనగ, ప్రత్తి, అరటితోటలు, నాపరాళ్ల గనులు, మగ్గములు, వీనిపై ఆధారపడి బ్రదుకు జనము మనది. ఎండలు తీవ్రములు, పల్లెలు దూరదూరముగా నున్నవి. పులివెందుల నుండి కడపలోని పెద్దాసుపత్రికి సుమారు 70 కిలోమీటర్లు. 108 వాహనములు 2005 ఆగష్టు 15న మన రాష్ట్రమున ప్రారంభమై ప్రజలకు మహోపకారము చేసినమాట నిజమే. అయినను వాహనము వచ్చువరకు గడచు నిమిషములు వైద్యుని చేతిలో లేవు. ప్రక్కనున్నవాని చేతిలో నున్నవి. ఆ ప్రక్కనున్నవాడు తరచుగా మన పాఠశాలలో చదువుకొన్నవాడే.

పాముకాటు సంగతి చూడుడు. 2011లో వెలువడిన యొక పరిశోధనము, 2005 ప్రాంతమున దేశములో ఏటేట సుమారు 46,000 మంది పాముకాటుచే మరణించుచుండిరనియు, వారిలో సుమారు 5,200 మంది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము వారనియు లెక్కగట్టినది. మన ప్రాంతమున భయపడవలసినవి ప్రధానముగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. కట్లపాము రాత్రివేళ నేలపై పండుకొన్నవానిని కరచును; నొప్పి స్వల్పము, వాపు కనబడదు; తెల్లవారుసరికి కనురెప్పలు వాలి, మాట ముద్దయై, ఊపిరి తీయించు కండరములు చచ్చుబడును. రక్తపింజరి విషము రక్తమునకు గల గడ్డకట్టు గుణమును పోగొట్టి మూత్రపిండములను చెరచును. నాడీమండలపు పాఠము సరిగా చదివినవానికి మొదటిది, రక్తప్రసరణపు పాఠము చదివినవానికి రెండవది అర్థము కావలెను. విషము కండరముల కదలికతో శోషరస నాళముల గుండ దేహమంతట వ్యాపించును. కావుననే కాటుపడిన అవయవమును కదలకుండ బద్దకట్టి, రోగిని నడిపింపక, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెనని వైద్యులు చెప్పుచున్నారు. త్రాడు బిగించి కట్టుట, కత్తితో గాటుపెట్టుట, నోటితో పీల్చుట, మంత్రగాని యింట గంటలు గడపుట, ఇవి నాలుగును ప్రాణాపాయములే. దేహధర్మ మెరిగినవానికి ఈ నియమములను కంఠస్థము చేయవలసిన పనిలేదు. అవి వానికి తమంతట తోచును. శరీరశాస్త్రమును, ప్రథమచికిత్సను వేరువేరుగా బోధించుట తగదని మేము చెప్పుటకు కారణమిదియే.

తక్కిన ప్రమాదములందును ఇట్లే. కుక్కకాటునకు కారము, సున్నము పూయువా రింకను ఉన్నారు. ఆ రోగపు క్రిమి నరముల వెంట మెదడునకు ప్రాకును. లక్షణములు బయటపడిన పిదప బ్రదికించు మందు లేదు. కాని గాయమును సబ్బుతో, పారునీటితో 15 నిమిషములు కడిగి, ఆలసింపక టీకా వేయించి, ఆ వరుస పూర్తిచేసినచో ఆ మరణమును తప్పింపవచ్చును. మూర్ఛ వచ్చినవాని చేత తాళపుచెవులు పెట్టుట, పండ్ల నడుమ చెంచా దూర్చుట మాని, ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. కాలిన చోట సిరా, పండ్లపొడి పూయక, చల్లని నీటి ధార క్రింద 20 నిమిషములు పట్టవలెను. వడదెబ్బ తగిలి మతి తప్పినవాని నోట నీరు పోయరాదు. నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి, విసరవలెను. పురుగుమందు మీదపడినవాని బట్టలు విప్పి, దేహమును కడిగి, ఆ డబ్బాను కూడ ఆసుపత్రికి కొనిపోవలెను. గుండె ఆగి పడిపోయినవానికి రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 మారులు, రెండంగుళముల లోతున అదుమవలెను. కొలది నిమిషములు దాటినచో మెదడు చెడుట కారంభించును. ఇందులో ఏ యొక్కటియు పదునాలుగేండ్ల బాలునకు మించినది కాదు.

ఆకస్మిక ప్రమాదములే గాక మెల్లమెల్లగా దేహమును తినివేయు రోగములును గలవు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరైడు నీటివలన కలుగు ఎముకల వ్యాధిని 1937లోనే వైద్యులు లోకమునకు తెలిపిరి. రాయలసీమ బోరుబావులలోను ఆ దోషము పలుచోట్ల నున్నది. కాచిన నీరు శుద్ధమని నేర్చిన విద్యార్థి, ఫ్లోరైడు కాచుటవలన పోదనియు, నీరు ఇగిరినకొలది చిక్కనగుననియు నేర్వవలెను. పులివెందుల ప్రాంతమున బ్రాహ్మణపల్లె మొదలగు చోట్ల ఒకప్పుడు రాతినార గనులు నడచినవి. ఆ నలుసులు ఊపిరితిత్తులలో నాటుకొని, 20, 30 ఏండ్లకు వ్యాధియై బయటపడును. శ్వాసకోశపు పాఠమున ఈ సంగతి చెప్పనిచో మన బిడ్డలకు ఆ పాఠమెందులకు? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులు. రక్తమున ఇనుము చేయు పనిని బాలిక పరీక్షలో వ్రాయుచున్నది. బడిలో ఇచ్చు ఇనుపమాత్రను కిటికీలోనుండి పారవేయుచున్నది. ఆ రెంటికిని గల సంబంధమును ఎవరును ఆమెకు చెప్పరైరి.

చదువువలన రోగములు పోవునా యని సందేహించువారు నారికురుపు చరిత్రను స్మరింతురు గాక. మెట్లబావులలో దిగి నీరు ముంచుకొను రాయలసీమ పల్లెలలో ఆ పురుగు తరతరములు జనమును మంచము పట్టించినది. దానికి టీకా లేదు, మందు లేదు. నీటిని గుడ్డలో వడగట్టవలెననియు, పుండున్న కాలితో బావిలో దిగరాదనియు ఇంటింట చెప్పి, బావులను బాగుచేసి, 1996 జూలై తరువాత దేశమున ఆ రోగి యొక్కడైన కనబడకుండ చేసిరి. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఆ రోగము నుండి విముక్తమైనదిగా ధ్రువపరచినది. నేటి బాలురకు దాని పేరైనను తెలియదు. తెలివిడి సాధించిన విజయమిది.

అర్ధజ్ఞానము అపాయకరమని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. విద్యార్థులు వైద్యులై కూర్చుందురని వారి భయము. ప్రథమచికిత్సలో నేర్పునది చేయవలసిన పనులకంటె చేయరాని పనులనే యెక్కువగా ననుట వారు గమనింపకున్నారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బనగాఁవ్ శిబిరమున కలరాతో పడియున్నప్పుడు, సెలైను సీసాలు చాలక, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణమును రోగుల బంధువుల చేతికే ఇచ్చెను. నూటికి సుమారు 30గా నున్న మరణములు 4కు లోపల పడినవి. చక్కెర తోడైననే ప్రేవులు ఉప్పును, దానితో నీటిని పీల్చుకొనునన్న శాస్త్రసత్య మా పనికి మూలము. లీటరు కాచి చల్లార్చిన నీటిలో అర చెంచా ఉప్పు, సమముగా కొలిచిన ఆరు చెంచాల చక్కెర కలుపుట ఏ తల్లికి రానిది? ఆ తల్లులు అర్ధజ్ఞానులా, పూర్ణజ్ఞానులా యను మీమాంసకు పసిపిల్ల ప్రాణము ఆగదు.

మరియొక ఆక్షేపణము సిగ్గును గూర్చినది. సంతానోత్పత్తి పాఠము వచ్చినంతనే ఉపాధ్యాయుడు ఇంటివద్ద చదువుకొండని చెప్పి పుట త్రిప్పివేయుట పలుచోట్ల వాడుక. గురువు చెప్పనిదానిని వీధి చెప్పును. వీధి చెప్పునది చదువు గాదు. ఋతుధర్మమును గూర్చి ఉపాధ్యాయిని బాలికలకు మర్యాదగా బోధించుటయు, బాలురకు ఆ విషయమున గౌరవబుద్ధి కలిగించుటయు అవసరము.

చేయవలసిన దేమి? కేంద్రప్రభుత్వము 2020లో ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమమున పదునొకండు విషయములును, పాఠశాల కిద్దరు ఉపాధ్యాయులును నిర్ణయింపబడిరి. పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక యొకటి వెలువడినది. ఉత్తరువులకు కొదువ లేదు. వానిని మన బడి గదిలోనికి తెచ్చుటయే కొదువ. మొదటిది, ఆరోగ్యపాఠమునకు వ్రాతపరీక్షతోబాటు చేతిపరీక్ష ఉండవలెను. కట్టు కట్టి చూపనివానికి, ద్రావణము కలిపి చూపనివానికి ఆ పాఠము వచ్చినదని యెట్లు చెప్పవచ్చును? గ్రంథము చదివినది చాలదు, శవమును పరీక్షించి కంటితో చూచి తెలిసికొనవలెనని శాసించిన సుశ్రుతుని దేశము మనది. రెండవది, ఈ మూడు ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల వైద్యులును, నర్సులును ఏటికి రెండు మారులైన పరిసరపు పాఠశాలలకు పోయి ఉపాధ్యాయులకు శిక్షణ మీయవలెను. మూడవది, ప్రతి పాఠశాలలోను ప్రథమచికిత్స పెట్టె తాళము వేయని చోట నుండవలెను.

భారమంతయు ప్రభుత్వముపై మోపి ఊరకుండుట మనకు తగదు. వేరుసెనగ పెరుకునప్పుడు, కట్టెలు తీయునప్పుడు కాటుపడువాడు కూలివాడు. పురుగుమందు చల్లువాడును వాడే. పొలముగల పెద్దలు తమ కూలీలకు బూట్లు, టార్చిలైటు, ముఖమునకు ముసుగు సమకూర్చుట దయ కాదు, విధి. ప్రొద్దుటూరి వర్తకులు తలచినచో పరిసర పాఠశాలలన్నిటికి కావలసిన సామగ్రి కొనుట పెద్ద పని గాదు. రహదారిపై గాయపడినవానికి సాయము చేసినచో కేసులలో చిక్కుకొందుమను భయమును కూడ విడువవలెను. సద్బుద్ధితో సాయపడినవానిని 2019 మోటారు వాహనముల సవరణ చట్టమున 134ఏ సెక్షను రక్షించుచున్నది. ఈ మాట ప్రతి విద్యార్థికి తెలియవలెను.

మన బిడ్డలు డాక్టర్లు కావలెనని మనమందరము కోరుచున్నాము. అందుకై ధనము వెచ్చించుచున్నాము. డాక్టర్లగువారు కొందరే. మిగిలినవారందరును తల్లులు, తండ్రులు, ఇరుగుపొరుగువారు, దారిన పోవువారు అగుదురు. వారి యెదుట ఒకనాడు ఒక ప్రాణము కొట్టుకొనుచుండును. ఆనాడు వారు చేతులు కట్టుకొని నిలుచుందురా, చేయవలసినది చేయుదురా యనుట నేడు మన పాఠశాలలలో నిర్ణయమగుచున్నది. ఉపాధ్యాయులు, వైద్యులు, గ్రామపెద్దలు ఈ విద్యాసంవత్సరముననే ఇందుకు పూనుకొందురని ఆశించుచున్నాము.